వెర్లీన్ టాకెట్ ఖాళీ పళ్ళెం

వెర్లీన్ టాకెట్ తన జెల్లీ సలాడుతో ఒక పాస్టరును చంపింది. కేన్ క్రీక్ బాప్టిస్టు చర్చి సమాధుల తోటలో, ఎడమచేతివైపు మూడో వరసలో ఆయన రాయి ఇప్పటికీ ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు.

సరే, చంపిందనడం కొంచెం ఎక్కువే. బ్రదర్ హార్లన్ కూంబ్స్ పోయింది గుండెపోటుతో, అదీ ఆ క్రిస్మస్ విందు అయిన పదకొండు వారాలకు. కాని ఆ సలాడును అడిగి రెండోసారి వడ్డించుకున్న ఏకైక మనిషి ఆయనే అన్నది మాత్రం నిజం. అప్పటికాయన ఊరికి కొత్త. పాపం, ఎవరూ చెప్పలేదు. తరవాత వచ్చిన పాస్టర్లందరికీ ఎవరో ఒకరు ముందే చెవిలో వేశారు. వాళ్ళంతా బతికే ఉన్నారు.

ఆ సలాడు ఎలా ఉంటుందో చెబితేగాని కథ నడవదు. నిమ్మ రుచి జెల్లీ పొడిని మరిగే నీళ్ళలో కలపాలి. అంతవరకు కెంటకీ కొండల్లో ఆడవాళ్ళందరూ ఒకేలా చేస్తారు. పైన డబ్బా అనాస ముక్కలు వేస్తారు, దాన్నీ ఒప్పుకోవచ్చు. వెర్లీన్ అక్కడితో ఆగేది కాదు. తురిమిన క్యారెట్, నీళ్ళోడే పాల విరుగుడు, మూడు గరిటెల మయొనీజు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఆఖరున ముక్కుపుటాలు అదిరే ఘాటు ముల్లంగి తురుము. ఇదంతా గుండ్రటి అచ్చులో పోసి గడ్డకట్టించి, అత్తగారి గులాబీరంగు గాజు పళ్ళెంలో బోర్లించేది. అది ఆకుపచ్చగా వణుకుతూ, దారితప్పి లోపలికి వచ్చిన జంతువులా మనల్నే చూస్తూ కూర్చునేది. పండగ అని గుర్తుచేయడానికి చుట్టూ పన్నెండు ఎర్ర చెర్రీలు.

ఆ పళ్ళెం ముప్ఫైఒక్క క్రిస్మస్ విందుల నుంచి వరసగా ఖాళీగా ఇంటికి వెళ్ళింది. వెర్లీన్ తన జీవితంలో గర్వపడిన విషయం ఏదైనా ఉందంటే అదొక్కటే.

మా చర్చిలో అది చిన్న విషయం కాదు. విందుకు ఎవరు ఏం తెచ్చినా గిన్నె అడుగున తెల్ల టేపు ముక్క అంటించి పేరు రాస్తారు. అన్నీ అయ్యాక ఇమోజీన్ స్లోన్ బల్ల దగ్గర నిలబడి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో గిన్నె ఎత్తి అడుగున ఉన్న పేరు హాలంతా వినబడేలా చదువుతుంది. పేరుగలావిడ లేచివచ్చి తీసుకుపోవాలి. ఖాళీ గిన్నె అయితే తలెత్తుకుని నడుస్తుంది. నిండు గిన్నె అయితే మూత వెతుక్కుంటూ నడుస్తుంది. ఎవరూ ఏమీ అనరు. ఆ అనకపోవడమే దెబ్బ. ఒక ఏడు చిలగడదుంపల కూర నిండుగా వెనక్కొచ్చిన ఒకావిడ మరుసటి ఆదివారమే మా చర్చి వదిలి మెథడిస్టుల్లో కలిసిపోయింది.

వెర్లీన్ తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దది. తండ్రిది బొగ్గు గనిలో పని. ఇంట్లో ఒకటే పెనం, అందులో చిక్కుడు గింజలు, చుట్టూ పదకొండు చెంచాలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు పెనం నాకడమే మిగిలేది. అలా పెరిగిన మనిషి లెక్కలో తిండి మిగల్చడం హత్య కంటే ఒక మెట్టు కింద ఉండే పాపం. పద్దెనిమిదో ఏట డ్వైట్ టాకెట్‌ను పెళ్ళాడింది, ఇరవైరెండో ఏట ఊరి బడి భోజనశాలలో పనికి చేరింది, కొన్నేళ్ళకే దాన్ని ఏలడం మొదలుపెట్టింది. పళ్ళెం ఖాళీ అయితేగాని ఎవరూ లేవకూడదన్నది ఆమె చట్టం. కెండల్ ప్రాట్ అనే పిల్లవాడు ఉడికించిన బీట్‌రూట్ తినలేక మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా బెంచీ మీద కూర్చున్నాడు. వెర్లీన్ ఎదురుగా కుర్చీ వేసుకుని స్వెట్టరు అల్లుకుంది. మూడింటికి వాడు తిన్నాడు, మూడుంపావుకు కక్కాడు. తినడం వరకే తన పూచీ అంది ఆమె. ఆ కెండల్‌కు ఇప్పుడు నలభై ఏళ్ళు, మా పాస్టరు అతనే. ప్రసంగం మధ్యలో ఆమె దగ్గితే చాలు, ఏ వచనం చదువుతున్నాడో మరిచిపోతాడు.

బడి నుంచి రిటైరయ్యాక ఆమె చేతులకు పని లేకపోయింది. ఆ రోజుల్లోనే ఊరి చివర కోళ్ళు కోసే ఫ్యాక్టరీ వచ్చింది. దాంతోపాటు కాంగో నుంచి, బర్మా నుంచి, గ్వాటెమాలా నుంచి మనుషులు వచ్చారు. వాళ్ళకు ఇంగ్లీషు నేర్పాలని చర్చి తీర్మానించింది. ఎవరు నేర్పుతారని అడిగే లోపలే వెర్లీన్ సుద్దముక్క తీసుకుంది. ప్రతి మంగళవారం పదింటికి చర్చి కింది అంతస్తులో, ఫెలోషిప్ హాలులో పన్నెండు కుర్చీలు. ఇరవైరెండేళ్ళు అలా సాగింది.

మొదటి రోజే కొత్తవాళ్ళ పేర్లు తీసేసేది. తన నాలుక తిరగని పేరు తన క్లాసులో ఉండదంది. బర్మా నుంచి వచ్చిన పెద్దాయన బిల్ అయ్యాడు, గ్వాటెమాలా ఆవిడ బెట్టీ అయింది. తప్పు చెప్పినవాళ్ళు ఒప్పు చెప్పేదాకా నిలబడే ఉండాలి. కాన్వెంటు బడి సిస్టర్ల చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ళు కూడా, ఆ క్లాసు కిటికీ పక్కగా వెళ్ళేటప్పుడు అడుగు త్వరగా వేసేవాళ్ళు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆమె దగ్గర రెండేళ్ళు నిలబడినవాళ్ళు ఫ్యాక్టరీ సూపర్‌వైజరుతో ఇంగ్లీషులో పోట్లాడి గెలిచేవాళ్ళు.

ఇక డ్వైట్. రోజుకు పదకొండు మాటలు మాట్లాడేవాడు, అందులో ఆరు కుక్కతో. చర్చి వ్యాను నడుపుతూ, కొత్తగా వచ్చినవాళ్ళను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని క్లాసుకు తెచ్చి మళ్ళీ దింపేవాడు. ఏటా క్రిస్మస్ విందులో, భోజనాలు మొదలయ్యే ముందే భార్యకు మొదటి వరసలో సీటు పట్టేవాడు. ఆమె అక్కడ కూర్చుంటే బల్లలు వీపు వెనక ఉంటాయి. పిల్లలు తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని, క్రీస్తు పుట్టుక నాటకంలో గొర్రెలకాపరులుగా వేదిక ఎక్కే వేళకు, లైట్లు తగ్గగానే డ్వైట్ మెల్లగా లేచి, గులాబీ పళ్ళెం ఎత్తుకుని, వంటింటి వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళేవాడు. సలాడు మొత్తం మంచులోకి జార్చి, పళ్ళెం తుడిచి, మళ్ళీ బల్ల మీద పెట్టి, రెండో పాటకల్లా భార్య పక్కన కూర్చునేవాడు.

ముప్ఫైఒక్క ఏళ్ళు. ఆ స్థలంలో ఇప్పటికీ గడ్డి మొలవదు. ఎలుగుబంట్లు కూడా దాన్ని చుట్టుతిరిగి వెళ్తాయంటారు. ఎలుగుబంట్ల మాట అబద్ధం కావచ్చు, గడ్డి మాట నిజం. తెల్లటి మంచులో అంత పెద్ద ఆకుపచ్చ మరక పడితే చూడనివాడెవరు? పిల్లలు చూశారు, పాస్టర్లు చూశారు, గంట కొట్టేవాడు చూశాడు. ఒకరికి పన్ను నొప్పి వస్తే మధ్యాహ్నానికల్లా అందరూ పరామర్శించే ఊరది. అలాంటి ఊరు ఈ ఒక్క సంగతి వెర్లీన్ చెవిన పడకుండా కాపాడింది. ప్రేమతో అనుకుంటే పొరపాటు. భయంతో.

మార్చిలో డ్వైట్ చనిపోయాడు.

పోయే ముందు, ఆస్పత్రి మంచం మీద, తన పదకొండు మాటల్లో చాలావరకు రిజికి కోసం ఖర్చుపెట్టాడు. రిజికి కాంగో మనిషి. టాంజానియా శరణార్థుల శిబిరంలో పదకొండేళ్ళు ఉండి, ఇద్దరు కూతుళ్ళతో ఇక్కడికి వచ్చింది. ఫ్యాక్టరీలో కోళ్ళ రెక్కలు విడదీసే పని. వెర్లీన్ క్లాసులో ఆమె పేరు రూబీ. ముందటి క్రిస్మస్‌కు చిన్నదాని బూటు వ్యానులో మరిచిపోయిందని వెనక తలుపు తీస్తే, పళ్ళెం వంచుతున్న డ్వైట్ ఎదురుపడ్డాడు. ఆయన సిగ్గుపడి, మా ఆవిడకు పళ్ళెం ఖాళీగా ఇంటికి రావాలి అన్నాడు. ఆస్పత్రిలో అన్నది కూడా అదే, చివర ఒక్క మాట కలిపి: ఇక నువ్వు చూసుకో. రిజికి సరేనంది. ఆమె జనంలో చావబోయే మనిషికి ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు.

డిసెంబరు వచ్చింది. విందుకు ముందు మంగళవారం వెర్లీన్ క్లాసులో సుద్దముక్కతో బల్ల మీద కొట్టింది. శనివారం మధ్యాహ్నం విందు అనీ, ప్రతి ఒక్కరూ తమ దేశపు వంట ఒకటి తేవాలనీ, అడుగున టేపు మీద పేరు రాయాలనీ చెప్పింది.

“కళ్ళున్నవి మాత్రం తేవద్దు,” అంది. “మీ గిన్నెలోంచి ఏదీ నావైపు చూడకూడదు. బిల్, నీకే చెబుతున్నా.”

బిల్ తల దించుకున్నాడు. పోయినేడు అతను చేపను తలతో సహా తెచ్చాడు.

భోజనాలయ్యాక ఒక్కొక్కరు వేదిక ఎక్కి తమ దేశంలో క్రిస్మస్ ఎలా చేస్తారో ఇంగ్లీషులో చెప్పాలి. ఇది ఏటా ఉండేదే. నెలరోజులుగా వాళ్ళచేత వల్లెవేయిస్తోంది. క్లాసు అయ్యాక రిజికి వెనకబడి, మీరేం తెస్తున్నారని అడిగింది.

“ఏం తెస్తానో ఊరందరికీ తెలుసు. ఈసారి రెట్టింపు చేస్తున్నా. డ్వైట్ జ్ఞాపకంగా. ఆయనకదంటే ప్రాణం.”

రిజికి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఇంగ్లీషు భయమే అనుకుని వెర్లీన్ భుజం తట్టింది.

శనివారం నాడు కాలి చీలమండ దాకా మంచు పడింది. హాలులో ఎనభైమంది. హాము అనే పంది తొడ మాంసం, చీజు మకరోనీ, మసాలా పెట్టిన గుడ్లు, మొక్కజొన్న రొట్టె, ఇమోజీన్ చేసిన తియ్యటి పెకాన్ గింజల పై. పక్క బల్ల మీద క్లాసువాళ్ళ వంటలు. మధ్యలో, రెట్టింపు సైజులో, ఇరవైనాలుగు చెర్రీలతో వెర్లీన్ సలాడు.

ముందు వరసలో ఈసారి ఆమెకు సీటు పట్టేవాళ్ళు లేరు. వెనక, బల్లల పక్కనే తన క్లాసుతో కూర్చుంది. ముప్ఫైఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆమెకు బల్ల కనబడింది.

జనం వరసలో వస్తున్నారు. చెంచాలు హాము మీద వాలుతున్నాయి, గుడ్ల మీద వాలుతున్నాయి, సలాడు దగ్గరికి రాగానే, రోడ్డు మీద గుంటను తప్పించిన బండిలా పక్కకు తిరిగిపోతున్నాయి. రిజికి తెచ్చిన కసావా ఆకుల కూర, వేయించిన అరటికాయ ముక్కలు పావుగంటలో అయిపోయాయి. గంట కొట్టేవాడు గిన్నె అడుగు రొట్టెతో తుడిచి తిన్నాడు. బిల్ తెచ్చిన నూడుల్స్ అయిపోయాయి. ఇమోజీన్ పెకాన్ పై ముక్క కోసం చర్చి పెద్దలైన ఇద్దరు డీకన్లు మాటా మాటా అనుకున్నారు. సలాడు ఎక్కడిదక్కడే ఉంది. ఎవరో ఒక చెర్రీ తీసుకున్నారు. ఆ ఖాళీ గుంట వెర్లీన్‌కు కన్ను పీకినట్టు కనబడింది.

చలికి జనానికి చల్లటి జెల్లీ మీద మనసు పోలేదని చెప్పుకుంది. పిల్లల కార్యక్రమం మొదలైతే వస్తారు, ఏటా అప్పుడే కదా అయిపోయేది. మనసులో మరో ఆలోచన తల ఎత్తబోతే, బడిలో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు దాన్ని కూర్చోబెట్టింది. లేచి, చిన్నపిల్లల తలలకు తువ్వాళ్ళు కట్టడానికి వెళ్ళింది. ఆ పిల్లల్లో రిజికి కూతుళ్ళు ఇద్దరూ ఉన్నారు. గట్టిగా కట్టింది. ఒకతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తిరిగి వచ్చేసరికి లైట్లు తగ్గాయి. బల్ల మీద గులాబీ పళ్ళెం లేదు.

వంటింట్లోకి వెళ్ళి చూస్తే వెనక తలుపు ఓరగా తీసి ఉంది. రిజికి దానికి వీపు పెట్టి నిలబడి, పెద్ద ప్లాస్టిక్ డబ్బాలోకి చెంచాతో సలాడు ఎత్తుతోంది. సగం పైగా అయింది. మంచులోకి వంచేయడానికే ఆమె వచ్చింది. తలుపు తీసింది కూడా. కాని శిబిరంలో రేషన్ పిండి సగానికి కోసేసిన నెలల్లో డబ్బా మూతలు నాకిన చేతులు అవి. ఎంత చెప్పినా వంగలేదు.

“ఏం చేస్తున్నావు రూబీ?”

రిజికి చేతిలో చెంచా ఆగిపోయింది. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఒక్కసారిగా ఎటో పోయింది.

వెర్లీన్‌కు మొదట కోపం వచ్చింది. ఆ వెనకాలే, కడుపులో వేడి పులుసు పడినట్టు మరొకటి వచ్చింది. ఈ మనిషి తన వంటను దొంగిలిస్తోంది. ఇంత మంది ముందు, చర్చిలో, దొంగతనానికి తెగించేంత ఇష్టపడింది.

అంతలో ఇమోజీన్ గుమ్మంలోకి వచ్చింది. డబ్బా చూసింది, పళ్ళెం చూసింది, ఓరగా తీసిన తలుపు చూసింది. మొత్తం అర్థమైంది. ఒక్క మాటతో అక్కడికక్కడే తేల్చేయగలిగేది.

“చర్చి వంటింట్లో డబ్బాలు నింపుకోవడం,” అంది. “ఇదేనా వెర్లీన్, నువ్వు నేర్పే ఇంగ్లీషు?”

“దొంగతనం దొంగతనమే, కాదనను,” అంది వెర్లీన్. “కాని ఇమోజీన్, ఇన్నేళ్ళలో నీ పెకాన్ పై ఎవరైనా దొంగిలించారా?”

ఇమోజీన్ తియ్యగా నవ్వి, అయ్యో పాపం వెర్లీన్ అనేసి, ముందు వరసలో మంచి సీటు చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

వెర్లీన్ తీర్పు చెప్పింది. ఊరికే వదిలేస్తే క్లాసు పాడవుతుంది. వేదిక మీద రూబీ తన దేశం సంగతి చెప్పాక, అడగకుండా తీసుకున్నాననీ క్షమించమనీ ఇంకో రెండు వాక్యాలు చెప్పాలి. అందరి ముందూ తాను క్షమిస్తుంది. ఆ క్షమించడం అప్పుడే ఆమె కళ్ళకు కడుతోంది. ఎనభైమంది వింటారు, ఆ సలాడు కోసం ఒక మనిషి దొంగ అయిందని.

“వద్దు మిస్ వెర్లీన్,” అంది రిజికి. మాటలు తిరిగొచ్చాయి. “నన్ను అక్కడ మాట్లాడించకండి. మాట్లాడితే మీకే బాధ.”

“నా బాధ నేను పడతాలే. నువ్వు చెప్పు.”

“నా పిల్లలు అక్కడ ఉన్నారు. దొంగనని వాళ్ళ ముందు చెప్పలేను.”

“చెప్పకపోతే మంగళవారం నుంచి నా క్లాసుకు రావద్దు. నీ పిల్లలకు మంచిదే, తప్పు చేస్తే ఏమవుతుందో చూస్తారు.”

రిజికి డబ్బా మూత పెట్టింది. తరవాత డబ్బా చేతిలో పట్టుకుని హాలులోకి నడిచింది.

పిల్లల నాటకం అయ్యాక బిల్ తన దేశం సంగతి చెప్పాడు. బెట్టీ చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. రిజికి వేదిక ఎక్కి డబ్బాను పక్కన ఉన్న పియానో మీద పెట్టింది. తువ్వాళ్ళు చుట్టుకున్న ఇద్దరు కూతుళ్ళు వేదిక చివర నుంచి తల్లినే చూస్తున్నారు. వెర్లీన్ వెనక నిలబడి, చేతులు కట్టుకుని, క్షమించడానికి సిద్ధంగా ఉంది.

“నా పేరు రిజికి,” అంది ఆమె. “మా దేశంలో క్రిస్మస్‌కు మేకను కోస్తాం. వారంరోజులు ఒకరి ఇంట్లో ఒకరం తింటాం. నేను దొంగను కాను. ఈ సలాడును ఎవరూ తినరు. డ్వైట్ గారు ప్రతి క్రిస్మస్‌కూ దీన్ని వెనక మంచులో పారబోసేవారు, మిస్ వెర్లీన్ పళ్ళెం ఖాళీగా ఇంటికి వెళ్ళాలని. చనిపోయే ముందు ఆ పని నాకు అప్పగించారు. నేను పారబోయలేకపోయాను. తిండి పారబోయడం నాకు చేతకాదు. అందుకని డబ్బాలో పెట్టాను.” డబ్బా వైపు చూపించింది. “మా పక్కింట్లో కోళ్ళున్నాయి.”

ఇరవైరెండేళ్ళలో ఆ క్లాసు నుంచి అంత చక్కటి ఇంగ్లీషు ఎవరి నోటా రాలేదు. ఒక్క తప్పు లేదు.

వెర్లీన్ జనం వైపు చూసింది. ఎవరైనా ఉలిక్కిపడతారని చూసింది. ఎవరైనా, ఇదేం అబద్ధం అంటారని చూసింది. ఎనభైమందిలో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. ఇమోజీన్ తన ఖాళీ పెకాన్ పై పళ్ళేన్ని గోటితో గోకుతోంది. డీకన్లు బూట్లు చూసుకుంటున్నారు. ఎవరి మొహమూ పైకి లేదు.

“కెండల్,” అంది వెర్లీన్. “నీకు తెలుసా?”

పాస్టరు లేచి నిలబడ్డాడు, బడిలో నిలబడ్డట్టే. “తెలుసు మేడమ్.”

“ఎప్పటినుంచి?”

“నాకు తొమ్మిదేళ్ళప్పటినుంచి.”

వెర్లీన్ హాలు మధ్యగా నడిచి పియానో మీది డబ్బా అందుకుంది. రిజికి వైపు చూడలేదు. వంటింట్లోంచి గులాబీ పళ్ళెం తెచ్చి, డబ్బాలోది మళ్ళీ అందులో వంపింది. అచ్చు చెదిరిపోయి అది ఇప్పుడు పచ్చటి గుట్టలా ఉంది. ఒక మడతకుర్చీ లాక్కుని, జనానికి ఎదురుగా కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, వడ్డించే పెద్ద చెంచాతో తినడం మొదలుపెట్టింది.

మొదట ఎవరో నవ్వబోయారు. రెండో ముద్దకు ఆ నవ్వు చచ్చింది. అయిదో ముద్దకు ఒక తల్లి పిల్లను ఎత్తుకుని లేవబోయింది. వెర్లీన్ చెంచా గాల్లో ఆపి ఆమె వైపు చూసింది. ఆ తల్లి కూడా ఆ బడిలో చదివినదే. కూర్చుంది.

అది ఎంతసేపు సాగిందన్నదాని మీద ఊళ్ళో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మూడు గంటలంటారు కొందరు. గోడ గడియారం ప్రకారం నలభైఏడు నిమిషాలు. తొమ్మిదిమంది తినాల్సిన వంట. సగం దగ్గర ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ముల్లంగి ఘాటుకో మరెందుకో కళ్ళమ్మట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. ఒకసారి చెంచా ఆగింది, గొంతు కదిలింది, అందరూ ఊపిరి బిగబట్టారు. మింగింది. కెండల్ ముగింపు ప్రార్థన చేద్దామని రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లు మూసుకున్నాడు. పిల్లలకు పంచాల్సిన కాగితం సంచులు, ఒక్కోదానిలో ఒక కమలాపండు, గుప్పెడు వేరుశనగలు, గట్టి పిప్పర్‌మెంటు, వేదిక మీద వరసగా అలాగే ఉన్నాయి. రిజికి వేదిక దిగలేదు. కూతుళ్ళిద్దరినీ చెరోపక్కన పెట్టుకుని, నిలబడే ఉంది.

చివరి చెర్రీ తిని వెర్లీన్ చెంచా కింద పెట్టింది. పళ్ళేన్ని పట్టుకెళ్ళి ఇమోజీన్ చేతిలో పెట్టింది.

“చదువు.”

ఇమోజీన్ కళ్ళజోడు పెట్టుకుంది. పళ్ళెం తిప్పింది. “వెర్లీన్ టాకెట్,” అంది సన్నగా.

“వినబడలేదు.”

“వెర్లీన్ టాకెట్. ఖాళీ.”

వెర్లీన్ పళ్ళెం చంకలో పెట్టుకుని, తలెత్తుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయింది. కారు వెళ్ళిన చప్పుడు వినబడేదాకా ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. ఆ తరవాతే పిల్లలకు సంచులు అందాయి.

మంగళవారం పదింటికి ఆమె సుద్దముక్కతో సిద్ధంగా ఉంది. మొహం కొంచెం పచ్చబడిందని బిల్ తరవాత అన్నాడు గాని, బిల్ మాటలు అన్నీ నమ్మక్కర్లేదు. రిజికి కూడా వచ్చింది, ఎప్పటి కుర్చీలోనే కూర్చుంది. వెర్లీన్ హాజరు పిలిచింది. బిల్, బెట్టీ, ఆ తరవాత కాసేపు ఆగి, రూబీ. వచ్చానంది రిజికి. ఆ రోజంతా ఆమెను నిలబెట్టే ఉంచింది, తప్పు చెప్పకపోయినా. ఆ పై మంగళవారం కూడా. ఆ పై మంగళవారం కూడా. రిజికి నిలబడింది. తిరగబడలేదు, మానేయలేదు. ఈస్టరు నాటికి వెర్లీన్‌కే విసుగొచ్చి కూర్చోమంది.

మరుసటి క్రిస్మస్‌కు గులాబీ పళ్ళెం మళ్ళీ వచ్చింది. ఈసారి మూడు రెట్లు. వెర్లీన్ కుర్చీని తిన్నగా దాని ఎదుటే వేసుకుని, స్వెట్టరు అల్లుకుంటూ కూర్చుంది. ఎనభైమంది వరసలో నిలబడ్డారు. హాము కోయక ముందే, నాలుగు నిమిషాల్లో, పళ్ళెం ఖాళీ. ఇమోజీన్ రెండుసార్లు వడ్డించుకుని, అబ్బ ఎంత బాగుందో అంది. పాస్టరు నోటినిండా పెట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు వంటింట్లోకి పరుగెత్తాడు. సాయంత్రం చూస్తే, వెనక మంచులో ఒక పెద్ద మరక లేదు. అరచేతంత మరకలు, చిన్నచిన్నవి, అరవై దాకా ఉన్నాయి.

వెర్లీన్‌కు ఇప్పుడు డెబ్బైతొమ్మిది. ఈ కథ ఆమె ముందు ఎత్తినవాళ్ళకు ఒకటే జవాబు, అల్లిక మీంచి కళ్ళు ఎత్తకుండా.

“అలాంటిదేం జరగలేదు. ఆ ఏడు నేను సలాడే చెయ్యలేదు, గుమ్మడికాయ పై చేశాను. మా ఆయన తిండి పారేసే మనిషి కాదు. ఆ కెండల్‌కు చిన్నప్పటినుంచీ అబద్ధాలే. రిజికి అంటారా, ఆవిడెవరో నాకు తెలీదు. నా క్లాసులో ఉన్నది రూబీ.”